తెగిన తీగలో డొల్ల చప్పుడు

ఇది కల్పించి చెబుతున్నది కాదు. మా అమ్మ మీద ఒట్టు వేయను, ఎందుకంటే ఆ రాత్రి ఆమె పేరు మీదే అబద్ధం ఆడాను. మా ఇంటి బైబిల్ మీద చెయ్యి పెట్టమంటే పెడతాను. విని నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. ఇంతకుముందు నవ్వినవాళ్ళు ఎవరో, ఎక్కడ నిలబడి నవ్వారో నాకు బాగా గుర్తుంది.

మాది గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్. నేను స్టోర్‌లో గుమాస్తాను. అప్పటికి తెలంగాణ రాలేదు. ఇంటింటికీ ఇంటర్నెట్ కూడా రాలేదు. ఫోన్ తీగను మోడెంకు తగిలిస్తే, అది కీచుమని అరిచి, గరగరలాడి, అవతలి కంప్యూటర్‌తో మాట కలపాలి. అప్పుడే ఇంటర్నెట్. నా పాత కంప్యూటర్‌లో విండోస్‌ను వైరస్ తినేస్తే, పత్రికతో వచ్చిన సీడీ నుంచి లినక్స్ ఎక్కించుకున్నాను. అన్నీ పనిచేశాయి, మోడెం తప్ప.

అది కంప్యూటర్ లోపల గుచ్చే కార్డు. దానికి సొంత బుర్ర ఉండదు. వినడం, మాట్లాడడం అంతా కంప్యూటర్‌లోని ప్రోగ్రామే చెయ్యాలి. ఆ ప్రోగ్రాం విండోస్‌కు మాత్రమే రాశారు. కరీంనగర్‌లో అమ్మినవాడు ఆ ముక్క నాకు చెప్పలేదు. తర్వాత అడిగితే, "మీరు అడగలే గద సార్" అన్నాడు.

చౌరస్తా దగ్గర నెట్ సెంటర్ నడిపే శ్రీనును అడిగాను. సెంటర్ నిండా జనం.

"కాకా, నీ మోడెం చెవిటిది, మూగది. దాంతోని ఎందుకు తిప్పలు పడ్తవ్? పీకి పిలగాండ్లకు ఆడుకోనీకి ఇయ్యి" అన్నాడు.

అందరూ నవ్వారు. అదొక్కటే అయితే మరిచిపోయేవాణ్నేమో. మరిచిపోను కానీ, ఊరుకునేవాణ్ని.

అసలు బాధ వేరే ఉంది. మా తమ్ముడు యోసేపు గనిలో బదిలీ ఫిల్లర్. అంటే, ఆ రోజు డ్యూటీకి రాని మనిషి బదులు దిగి బొగ్గు ఎత్తాలి. ఏడాదిలో సరిపడా మస్టర్లు... అంటే హాజర్లు... పడితేనే పర్మినెంట్. ఆ ఏడు ఇంకొన్ని పడితే వాడి బతుకు ఒడ్డున పడేది. కానీ వాడు పనిచేసే చోట పైకప్పు బాగా లేదు. వాడే ఒక రాత్రి అన్నం తింటూ నోరు జారాడు. షిఫ్టులో పని చూసే ఓవర్‌మన్‌కు చెబితే, "ఏం గాదు, ఎత్తు" అన్నాడట.

నేను ఊరుకోలేదు. ఆఫీసులో అర్జీ పెట్టాను. జవాబు లేదు. ఇంకోటి పెట్టాను. లేదు. చివరికి శ్రీను సెంటర్‌లో కూర్చుని, గనుల భద్రత చూసే పై కార్యాలయానికి ఈమెయిల్ రాయడం మొదలుపెట్టాను. శ్రీను నా కుర్చీ వెనక నిలబడి చదివాడు. సగంలోనే ఆపి లేచాను. అయినా సాయంత్రానికి ఓవర్‌మన్‌కు తెలిసిపోయింది.

మరునాడు అందరి ముందూ మా తమ్ముణ్ని అడిగాడట. "ఏందిరా, మీ అన్న బాయిల దిగకుంటనే రూఫు సూస్తుండట. దుర్బీను కొన్నడా?" మా దగ్గర బాయి అంటే గనే.

యోసేపు ఇంటికొచ్చి నాకు చేతులు జోడించాడు.

"అన్నా, నీకు దండం పెడ్త. నా మస్టర్లు పడనియ్యి. గాయన డ్యూటీ ఇయ్యకపోతే నేనేం జెయ్యాలె?"

సరే అన్నాను. మనసులో మాత్రం అనలేదు. పేరు లేకుండా, ఎవరూ వెనక నిలబడకుండా, మా ఇంట్లోంచే పంపాలి. అందుకు ఆ చెవిటి, మూగ మోడెం పలకాలి.

ఆ రాత్రి... వాన. పెద్దది కాదు, ఆగనిది. యోసేపు నైట్ షిఫ్టుకు పోయాడు. నా భార్య గోలేటిలో వాళ్ళక్క దగ్గరికి పోయింది. అమ్మ ముందు గదిలో పడుకుంది.

కార్డుకు లినక్స్‌లో పనికొచ్చే ప్రోగ్రాం ఎవరో రాసి పెట్టారని తెలిసి, దాన్ని ఫ్లాపీలో తెచ్చుకున్నాను. దాన్ని మన యంత్రంలో మనమే తయారు చేసుకోవాలి. ఎన్నోసార్లు చేశాను. ప్రతిసారీ తప్పులే. ఆ రాత్రి తెర మీద వరసలు పైకి పాకుతూ పోయాయి... పోయాయి... ఆగాయి. ఒక్క తప్పు లేదు. కార్డు ఉన్నట్టు లినక్స్‌కు మొదటిసారి తెలిసింది. చీకట్లో ఒక్కణ్నే చప్పట్లు కొట్టుకున్నాను.

డయల్ చెయ్యమన్నాను. డయల్ టోన్ లేదంది.

ఇది నాకు తెలిసిన జబ్బే. మన ఎక్స్చేంజ్ టోన్‌ను పైదేశపు ప్రోగ్రాంలు గుర్తుపట్టవు. టోన్ కోసం చూడకు, గుడ్డిగా డయల్ చెయ్యి అని ఒక ఆజ్ఞ ఇస్తే సరిపోతుంది. అది ఇచ్చాను. కార్డు మీది చిన్న స్పీకర్‌ను చివరిదాకా మూయొద్దని కూడా చెప్పాను. ఆ కీచు అరుపు నా చెవులతో వినాలి కదా.

టిప్ టిప్ టిప్... నంబరు పోయింది.

తర్వాత కీచు అరుపు రాలేదు.

కటక్... అని చప్పుడైంది. ఎవరో అవతల రిసీవర్ ఎత్తినట్టు.

ఎవరూ మాట్లాడలేదు. కానీ లైను ఖాళీగా లేదు. ఎక్కడో దూరంగా నీటి చుక్క పడుతోంది. ముందు మా వాన అనుకున్నాను. మా వాన రేకుల మీద పడుతోంది. ఇది... నీళ్ళలో పడుతున్న నీళ్ళు. పడ్డాక, ఆ చప్పుడు పొడుగ్గా సాగుతోంది. చుట్టూ పెద్ద బోలు జాగా ఉన్నట్టు.

తర్వాత...

ఖణ్.

కాసేపు ఏమీ లేదు.

ఖణ్.

ఆ చప్పుడు నాకు తెలుసు. మా నాన్న గనిలో టింబర్‌మన్. పైకప్పు కింద దుంగలు నిలబెట్టేవాడు. పని మొదలుపెట్టే ముందు కర్రతో పైకప్పును కొట్టి వినాలి. గట్టి రాయైతే ఖణ్‌మంటుంది. లోపల పొర విడిపోతే డబ్ అంటుంది. చిన్నప్పుడు మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి, మంచి కుండ ఒకటి, బీట వారిన కుండ ఒకటి ముందు పెట్టి, కళ్ళు మూసుకోమని కొట్టి వినిపించేవాడు.

ఖణ్... అడుగు వేసిన చప్పుడు. నీళ్ళలో అడుగు. ఖణ్... మళ్ళీ అడుగు.

ఎవరో కొట్టుకుంటూ నడుస్తున్నారు. నా వైపు.

"ఎవరు?" అన్నాను. అని సిగ్గుపడ్డాను. మోడెంలో మాట్లాడేందుకు ఏముంది? నేను వినగలను, అంతే.

తెర మీద అక్షరాలు పడ్డాయి. నో క్యారియర్. అంటే అవతల కంప్యూటర్ పలకలేదు, లైను పెట్టేస్తున్నాను అని. అది పడ్డాక స్పీకర్ మూగబోవాలి.

మూగబోలేదు.

అడుగు...

డబ్.

అదే చోట ఇంకోసారి. డబ్.

ఇంకోసారి.

లేచి ఫోన్ దగ్గరికి ఉరికాను. గనికి చెయ్యాలి, ఇంకేం తోచలేదు. రిసీవర్ ఎత్తితే... డయల్ టోన్. చక్కగా, నున్నగా.

మోడెం ఆ లైను మీదుంటే డయల్ టోన్ ఎట్లా వస్తుంది?

వంగి బల్ల కింద చూశాను. గోడకు రెండు సాకెట్లు. ఒకటి మా ఫోన్‌ది. రెండోది కంపెనీ లోపలి ఫోన్‌ది. గనుల మధ్య మాట్లాడుకోవడానికి ఆ లైన్లు వేరే ఉండేవి. మాకంటే ముందు ఆ క్వార్టర్‌లో గని అధికారి ఒకాయన ఉండేవాడు. ఆయన ఖాళీ చేసి వెళ్ళాక ఫోన్ తీసుకుపోయారు, సాకెట్ వదిలేశారు. దాన్ని పీకమని నేను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ రాలేదు. నా మోడెం తీగ... దాంట్లో ఉంది. గుడ్డిగా డయల్ చెయ్యమన్నాను కదా. టోన్ లేని తీగ మీద అది గుడ్డిగానే చేసింది.

వెనక స్పీకర్‌లో... డబ్.

గని పైన హాజర్లు వేసే టైమాఫీసుకు చేశాను. ఎత్తింది ఆ ఓవర్‌మనే.

"ఎవలు? దానియేలా? అర్ధరాత్రి గూడ నీ పిటిషన్లు ఆగయా?"

పైకప్పు గురించి చెబుదామని నోరు తెరిచాను. ఏమని చెప్పను? మోడెంలో విన్నానని చెప్పనా? వాడి నవ్వు నాకు ముందే వినిపించింది.

"మా అవ్వకు గుండె నొప్పి లేసింది. దవాఖానకు తీస్కపోతున్న. యోసేపును జల్ది పైకి పంపుండ్రి" అన్నాను.

అవతల రిజిస్టర్ తిప్పిన చప్పుడైంది. "వాని మస్టరు పోతది మరి."

"పోనియ్యండి."

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. దుప్పటి కప్పుకుని.

"నాకేమైందిరా? మంచిగనే ఉన్న గద. బతికున్నదాన్ని పట్టుకొని గట్లంటవ్?"

"నువ్వు పండుకో అవ్వా."

"ఏం పండుకుంట. ఆ టకటక ఏందిరా? మీ నాయిన లెక్క ఎవలు కొడ్తుండ్రు?"

అమ్మ కూడా విన్నది. ఇది రాసుకోండి. ఆమె మోడెం అంటే ఏమిటో ఎరగదు.

బల్ల కింద దూరి తీగను సాకెట్‌లోంచి పీకాను. తీగ కొన నా చేతిలో ఉంది. చూస్తున్నాను దాన్ని.

డబ్... అంది స్పీకర్.

ఒక్కసారే. తర్వాత ఏమీ లేదు. రేకుల మీద వాన మాత్రం ఉంది.

యోసేపు వచ్చాడు. హెల్మెట్ తీయలేదు, ముఖం మీద బొగ్గు, వాన కలిసి కారుతున్నాయి. సైకిల్‌ను వాకిట్లో పడేసి లోపలికి ఉరికాడు.

"అవ్వా..."

అమ్మ మంచం మీద కూర్చుని చాయ్ తాగుతోంది.

వాడు నన్ను చూశాడు. ఆ చూపు నేను ఈ జన్మలో మరవను. అంతా చెప్పాను. సాకెట్, నీటి చుక్క, ఖణ్, డబ్. వాడు నిలబడే విన్నాడు.

"నేను దిగంగనే కొట్టి సూసిన్నే. ఇయ్యాల రూఫు మంచిగనే మోగింది. నా మస్టరు తిన్నవ్ గద అన్నా. నీ పంతానికి నా మస్టరు తిన్నవ్."

గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు.

"డబ్ అన్నంక మళ్ళ అక్కడ్నే కొట్టిండా?"

"ఔ. మళ్ళ మళ్ళ."

వాడి గొంతు తగ్గిపోయింది. "డొల్ల అని ఎరికైనంక ఎవ్వడు గూడ రెండోపారి కొట్టడన్నా. ఎనక్కి ఉరుకుతడు. ఎంత కొత్తోడైనా ఉరుకుతడు. రూఫు మీద పడ్తదని భయం లేనోడే అక్కడ నిలవడి కొడ్తడు."

తెల్లారేదాకా దీపం ఆర్పలేదు.

పొద్దున కంపెనీ టెలిఫోన్ లైన్‌మన్‌ను పట్టుకొచ్చాను. సాకెట్ నుంచి తీగను పట్టుకుని పోతే, మా క్వార్టర్ వెనక స్తంభం దగ్గర అది తెగి వేలాడుతోంది. కొన తుప్పు పట్టి ఉంది. "ఇది పాత బాయి లైను సార్. ఆ బాయి బందయ్యి మూతికి గోడ గూడ కట్టిండ్రు. దీంట్ల ఏమొస్తది?" అన్నాడు.

శ్రీనుకు కూడా చెప్పాను. వాడు ఈసారి నవ్వలేదు. ప్రోగ్రాం బిగుసుకుపోతే చివర విన్న శబ్దాన్నే స్పీకర్ తిప్పి తిప్పి వినిపిస్తుందని, తీగ పీకినా కాసేపు వస్తుందని చెప్పాడు. కావచ్చు. తర్వాతి దెబ్బలన్నీ యంత్రం తిప్పి వినిపించినవే అనుకుందాం. మొదటి దెబ్బ ఎవరు కొట్టారు? ఇది అడిగితే, "గది నాకెట్ల ఎరుక కాకా" అని కస్టమర్ వైపు తిరిగాడు.

ఆ పగలే తీగను సరైన సాకెట్‌లో పెట్టాను. మోడెం మొదటిసారికే పలికింది. ఫిర్యాదు పంపాను. దానికీ జవాబు రాలేదు.

గనిలో ఆ రాత్రి ఏమైందో తర్వాత తెలిసింది. యోసేపు పైకి రావడంతో ఒక మనిషి తక్కువయ్యాడని, ఓవర్‌మన్ ఆ చోట పని ఆపి మిగతావాళ్ళను ఇంకో చోటికి పంపాడు. కొన్నాళ్ళకు ఆ చోటుకు అడ్డంగా కంచె కట్టి మూసేశారు. లోపల కూలిందా, లేక బొగ్గు అయిపోయి మూశారా... అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట. యోసేపు మాత్రం, "బొగ్గైపోయింది, మూసిండ్రు. గంతే" అంటాడు. నా ముఖం చూడకుండా అంటాడు.

ఆ తర్వాత ఓవర్‌మన్ వాడికి డ్యూటీలు సరిగా ఇవ్వలేదు. ఆ ఏడు మస్టర్లు చాలలేదు. వాడితో చేరినవాళ్ళు పర్మినెంట్ అయ్యారు, వాడు కాలేదు. శ్రీరాంపూర్ పోయి మళ్ళీ మొదటి నుంచి లెక్క పెట్టుకున్నాడు. పండక్కి చర్చిలో కలుస్తాం. అమ్మ ఎట్లుందని అడుగుతాడు. నన్నేమీ అడగడు.

నేను అందరి మీదా కోపం పెట్టుకోగలను. కరీంనగర్ దుకాణదారు మీద, శ్రీను మీద, ఓవర్‌మన్ మీద. కానీ ఆ రాత్రి ఆ తీగలో కొట్టినవాణ్ని ఏమనుకోవాలో నాకు తెలియడం లేదు. వాడు నా తమ్ముణ్ని కాపాడాడా... నా చేత తమ్ముడి నోటికాడి కూడు తీయించాడా?

యోసేపు బతికే ఉన్నాడు. నా దగ్గర ఉన్నది ఆ ఒక్క సాక్ష్యమే. అది దేనికి సాక్ష్యమో, ఇప్పటికీ చెప్పలేను.