రెండో కమాను

మెకానిక్ బాబాయ్ పోయాడని విజయపురి సౌత్ నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. డ్యామ్ దగ్గర ఒక లారీ బాగుచేయడానికి వెళ్ళి, పని అయ్యాక చేతులు కడుక్కుంటూ కూలబడ్డాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఎందుకో మీకు చెప్పుకోవాలి.

మాచర్లలో నేను నర్సుగా చేసే ఆసుపత్రి పక్కనే ఆయన షెడ్డు. ఇళ్ళు కూడా ఒకే వీధిలో కాబట్టి ఆయన బాబాయ్, ఆయన భార్య పిన్ని. ఆయన కూర్చోగా నేను చూడలేదు. టీ గ్లాసు పట్టుకునే బండి చుట్టూ తిరిగేవాడు. "తొందరున్న రోజే బోల్టు తుప్పు పట్టి ఉంటది" అనేవాడు.

అలాంటి రోజే ఒకటి వచ్చింది. దుర్గి అవతలి ఊళ్ళో ఒకామె రెండు రోజులుగా నొప్పులు పడుతోందని పొద్దున్నే కబురొచ్చింది. తీరా చూస్తే మా పాత పికప్ వ్యానుకు ముందు ఎడమవైపు చక్రం కుదుపు కాసే ఇనుప పట్టీల కట్ట, కమాను, విరిగి ఉంది. తన షెడ్డులో పడి ఉన్న మిలిటరీ పికప్ ముందు కమాన్లు విప్పి దీనికి వేస్తానన్నాడు బాబాయ్. అది ఇంకా పాతది, కమాన్లు మాత్రం మందం.

గంటలో ఎడమవైపు బిగించాడు. ఇక బయల్దేరదామన్నాను. ఆయన జాకీ తీసుకుని కుడివైపుకు వెళ్ళాడు.

"విరిగింది ఒక్కటేగా బాబాయ్. అక్కడ మనిషి చచ్చిపోతోంది."

"ఒకపక్క మందంది, ఒకపక్క మెత్తంది ఉంటే బండి లాగుద్ది నర్సమ్మా. ఎళ్ళటం ఒకటే కాదు, ఆమెని తేవాలిగా."

కుడివైపు బోల్టు కదల్లేదు. కిరసనాయిలు పోశాడు, సుత్తితో కొట్టాడు. నేను షెడ్డుకీ రోడ్డుకీ మధ్య తిరుగుతూ నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన తల ఎత్తలేదు. ఇంకో రెండు గంటలు పట్టింది.

బాబాయే వ్యాను నడిపాడు. ఊళ్ళో ఆమె కడుపు మీద చెవి ఆనిస్తే బిడ్డ గుండె చప్పుడు లేదు. తిరుగుదారిలో వాగు గట్టు విరిగి ముందు చక్రం గుంతలో పడింది. వ్యాను ఊగింది గాని పక్కకు తిరగలేదు, బాబాయ్ తిన్నగా లాక్కొచ్చాడు. తల్లి బతికింది. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను.

వారం తర్వాత మా ఆసుపత్రి డాక్టరమ్మ దగ్గర ఆ రెండు గంటల సంగతి ఎత్తితే, కబురు రావడానికి ముందు రోజే బిడ్డ లోపల పోయిందని ఆమె చెప్పింది. ఆ మాట వెంటనే ఆయనకు చెప్పాల్సింది. సిగ్గేసి చెప్పలేదు. మెల్లగా మాటలు కలిశాయి. ఒక పండక్కి సేమ్యా ఇచ్చి వెళ్తూ ఆయన గుమ్మంలో ఆగాడు.

"ఆ రోజు ఒకపక్కే మార్చి ఉంటే బిడ్డ బతికేదా అమ్మా?"

"ఏమో బాబాయ్" అన్నాను.

ఆ తల్లి ఇప్పటికీ ఎక్కడ కనపడినా నా చెయ్యి పట్టుకుంటుంది. పట్టుకోవాల్సింది నా చెయ్యి కాదు.

నిన్న పిన్ని దగ్గరకు వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఆమె ఉతుకుతున్న బట్ట పక్కన పెట్టి విన్నది. "ఆయనకి చెప్పాల్సింది" అని మాత్రం అని, ఆయన ఖాకీ చొక్కా మళ్ళీ చేతిలోకి తీసుకుంది. మూడోసారి పిండినా నీళ్ళు నల్లగానే కారుతున్నాయి.