మగ్గం మీద ఆమె జాగ

2022 వానాకాలం. గద్వాలలో నేత పనివాళ్ళ వాడను ఆనుకుని ఉన్న చిన్న దవాఖానలో నేను స్టాఫ్ నర్సును. మాది అయిజ పక్కన కూలీ కుటుంబం. పత్తి ఏరమంటే ఏరతాను గాని మగ్గం గురించి అప్పటికి నాకు ఓనమాలు తెలియవు. అలాంటి నాకు మగ్గమే మందు చూపించిన కేసు ఇది. తలచుకుంటే ఇప్పటికీ కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

మాణిక్యమ్మను ఆమె భర్త రాములు తీసుకొచ్చాడు. నలభై దాటిన మనిషి. బీపీ బాగుంది, షుగర్ లేదు, రక్తం సరిపడా ఉంది.

"ఒళ్ళంత బరువుగుంటది సిస్టర్. నిద్ర పడ్తలేదు. అన్నం తింటే మన్ను తిన్నట్టుంటది" అంది.

మా డాక్టరమ్మ నా వైపు చూసి పీహెచ్‌క్యూ నైన్ చేయమంది. డిప్రెషన్ ఎంత ఉందో అంచనా వేయడానికి అడిగే తొమ్మిది ప్రశ్నలవి. ఆఖరిది చావు ఆలోచన గురించి. దాన్ని నసగకుండా సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. ఉన్నదాన్ని బయటికి చెప్పుకునే వీలు దొరుకుతుంది.

"చచ్చిపోవాలని అనిపిస్తుందా అక్కా?"

"చావాలని గాదు. రాత్రి పండుకుంటే పొద్దుగాల లేవకపోతే మంచిగుండు అనిపిస్తది."

రాములు గోడవైపు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. 

మా దవాఖానలో మానసిక వైద్యులు లేరు. చూపించుకోవాలంటే మహబూబ్‌నగర్ బస్సెక్కాలి, ఆ రోజంతా దానికే పోతుంది. పడక దిగనంటున్న మనిషిని వారం వారం అంత దూరం తిప్పడం అయ్యే పని కాదు. డాక్టరమ్మ ఫోనులో అక్కడి వైద్యుడితో మాట్లాడి మాత్రలు మొదలుపెట్టింది. ఆమెను ఒంటరిగా వదలొద్దని, ఆ ఆలోచన ఎక్కువైతే ఏ వేళైనా తీసుకురమ్మని రాములుకు చెప్పాం. మాత్రలు పని చేయడానికి వారాలు పడుతుంది. అంతవరకు మాట్లాడి నిలబెట్టాల్సింది ఎవరు? ఇంకెవరు, నేనే.

శిక్షణలో నేర్చుకున్న బిహేవియరల్ యాక్టివేషన్ ఒక్కటే నా చేతిలో ఉంది. మనసు బాగయ్యాక పని చేద్దామని ఆగకుండా, ముందు ఓ చిన్న పని మొదలుపెడితే మనసు దాని వెంట వస్తుందనే పద్ధతి. పొద్దున్నే కాసేపు నడవమన్నాను. మళ్ళీ వచ్చినప్పుడు అడిగాను.

"నడిచినవా అక్కా?"

"నడిచిన."

"ఎట్లనిపించింది?"

"నడిచిన సిస్టర్."

మాట వినని పేషెంటుతో అయినా నెగ్గుకొస్తాను గాని, ఇంత బుద్ధిగా విని ఇసుమంతైనా మారని వాళ్ళతో నాకు పిచ్చెక్కుతుంది. ఇలా కాదని ఒకరోజు ఇంటికే వెళ్ళాను.

ఇంటి ముందు గదిలో మగ్గం నడుస్తోంది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండు పోగులూ అంచు దగ్గర పెనవేసుకుంటేనే గుడ్డ ఒకటవుతుంది. అందుకని నేసేవాళ్ళ పక్కన ఇంకొకరు కూర్చుని అంచు పోగును అటూ ఇటూ మోసే నాడెను అందిస్తుంటారు. రాములు నేస్తున్నాడు, పక్కన అతని చెల్లెలు సుజాత కూర్చుంది. మాణిక్యమ్మ చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

నేను నోరు తెరిచేలోపే ఆమె గోడతోనే చెప్పినట్టు అంది: "సుజాతా, తొందరపడుతున్నవ్. ఆయన నాడె రాకముందే గుంజుతున్నవ్. అంచు కాడ సందు పడ్తది."

రాములు వంగి చూశాడు. నిజంగానే సన్నటి సందు పడింది. ఇన్నాళ్ళలో ఎవరూ అడగకుండా ఆమె నోట నేను విన్న మొదటి మాట అదే. 

"అన్నా, ఆ జాగ ఎవరిది?" అని అడిగాను.

"ఆమెదే. పెండ్లైనప్పటి సంది ఆమెనే కూసునేది. పానం బాగలేదు గదా, జర ఆరాం చేయనీ అని చెల్లెను పిలిపించిన."

మాణిక్యమ్మ లేచి కూర్చుంది. "ఆరాం నేనడిగిన్నా? పండుకొని దినమంత గీ సప్పుడే ఇంటున్న. నేను లేకున్నా మగ్గం నడుస్తది. ఇంక నేనెందుకు అనుకున్న."

రాములు చేతిలో నాడె ఆగిపోయింది. పాపం, ప్రేమతోనే చేశాడు. మాత్రలకంటే ముందు సరిచేయాల్సిందేదో కళ్ళెదుట కనబడ్డాక నేనింక ఆగుతానా?

"అక్కా, రేపటి సంది పొద్దున జానెడు గుడ్డ అయ్యేదాక నీ జాగల కూసో. అంతే, దిగు. మిగిలింది సుజాత చూసుకుంటది" అన్నాను.

"మళ్ల పానం ఖరాబైతే?" అన్నాడు రాములు.

"నువ్వు జర ఆమెను ఆరాం నుంచి వదిలిపెట్టన్నా" అన్నాను. సుజాత నవ్వింది.

అన్ని రోజులూ జానెడు సాగలేదు. కొన్నాళ్ళు నాలుగు పోగులు వేసి దిగిపోయేది, కొన్నాళ్ళు చాప దిగేది కాదు. అలాంటప్పుడు బలవంతం చేయొద్దని, పడుకోమని బుజ్జగించనూ వద్దని చెప్పాను. "రేపు నీ జాగ నీకుంటది" అని మాత్రం అనాలి. వాళ్ళు అలాగే అన్నారు. మాత్రలు ఆపకుండా చూశాను, డాక్టరమ్మ ఫోనులో ఆ వైద్యుడిని అడుగుతూనే ఉంది.

దసరా దాటాక మళ్ళీ వెళ్తే సుజాత లేదు, అత్తగారింటికి వెళ్ళిపోయిందట. మాణిక్యమ్మ తన జాగలో ఉంది. మగ్గం చప్పుడులోనే ఆ తొమ్మిదో ప్రశ్న మళ్ళీ అడిగాను.

"పొద్దుగాల లేవకపోతే ఎట్ల సిస్టర్? నేనందియ్యకపోతే ఆయన నాడె ఆగుతది" అంది, చెయ్యి ఆపకుండా.

దవాఖాన దాకా నడుస్తూ వచ్చానో ఎగురుతూ వచ్చానో నాకు తెలియదు. డాక్టరమ్మకు చెబుతూ ఏడ్చేశాను.

అప్పటి నుంచి ఆ తొమ్మిది ప్రశ్నలూ అయ్యాక నా సొంతంగా పదోది ఒకటి అడుగుతున్నాను. ఇంట్లో నీ జాగ ఏది, ఇప్పుడు అందులో ఎవరు కూర్చుంటున్నారు?