ఎడమ, కుడి, నడుమ

నాకు కోపం తొందరగా వస్తుంది. మెడలో విజిల్ వేసుకున్నాక ఇంకాస్త తొందరగా వచ్చేది. పిల్లలు హడలిపోయేవాళ్ళు. నేనేమో దాన్ని క్రమశిక్షణ అనుకుని మురిసిపోయేవాణ్ణి.

2011 నాటి సంగతి. ఇల్లు చిక్కడపల్లిలో, గుమాస్తా ఉద్యోగం హైదర్‌గూడలో. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మాత్రం నేను కోచ్‌ని. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర పార్కులో సిమెంటు రింక్ ఒకటి ఉంటే, అక్కడ పదిహేను మంది పిల్లలకు స్కేట్ల మీద హాకీ నేర్పేవాణ్ణి. అసలు ఈ ఆట మంచు మీద ఆడేది. మన ఊళ్ళో మంచు గోలా బండి మీద తప్ప ఎక్కడ దొరుకుతుంది? అందుకని చక్రాల స్కేట్లు, చేతిలో కర్ర, బంతికి బదులు అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బిళ్ళ. దాన్ని పక్ అంటారు.

చిన్నప్పుడు నేనూ కాస్త ఆడినవాణ్ణే గానీ, నేర్పడం నాకెవరూ నేర్పలేదు. సాయంత్రాలు అశోక్‌నగర్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళేవాణ్ణి. చుట్టూ గ్రూప్స్ రాసే కుర్రాళ్ళు హాల్ టికెట్లు ప్రింట్ తీసుకుంటూ ఉంటే, నేను మంచు దేశాల పిల్లల ప్రాక్టీస్ వీడియోలు చూస్తూ నోట్‌బుక్‌లో బాణాలు గీసుకునేవాణ్ణి. ఒకరోజు పక్క కుర్చీలో అతను తొంగి చూసి, "అన్నా, ఇది ఏ పేపర్ల వస్తది?" అన్నాడు. "ఏ పేపర్ల రాదు తమ్మీ" అన్నాను. పాపం, నన్ను చూసి జాలిపడ్డాడు.

అలా గీసి గీసి ఒక డ్రిల్ తయారుచేశాను. ముగ్గురు పిల్లలు మూడు చోట్ల నిలబడతారు. విజిల్ కొట్టగానే ఎడమవైపు వాడు నేల మీద పెట్టిన నీళ్ళ సీసాల మధ్య మెలికలు తిరుగుతూ వచ్చి గోల్‌కి కొడతాడు. వాడు తప్పుకునేలోపు కుడివైపు వాడు. ఆ వెంటనే నడుమ ఉన్నవాడు. మళ్ళీ ఎడమ. ఒకరికొకరు తగలరు, ఒక్కరూ ఆగరు. అబ్బో, చూడటానికి ఎంత బాగుండేదో! తల్లిదండ్రులు రెయిలింగ్ పట్టుకుని ఫోన్లలో వీడియోలు తీసేవాళ్ళు. నేను పొట్ట లోపలికి పీల్చి నిలబడేవాణ్ణి.

గోల్‌లో ఒక పదమూడేళ్ళ అమ్మాయి ఉండేది. ఎనిమిదో తరగతి. వాళ్ళమ్మ చిక్కడపల్లిలోనే చీరలకు ఫాల్స్ కుట్టే చిన్న దుకాణం నడిపేది. ఆ బరువైన ప్యాడ్లు, హెల్మెట్ వేసుకోవడానికి మగపిల్లలు ముఖం చిట్లిస్తుంటే, ఆ పిల్ల తనే వచ్చి "నేను నిలబడ్త సార్" అంది. కొట్టేవాళ్ళకు ఏం నేర్పాలో నేను పేజీలు పేజీలు రాసుకున్నాను. ఆపే పిల్లకు ఏం నేర్పాలో ఒక్క ముక్క రాసుకోలేదు. నా లెక్కలో ఆమె గోల్ స్తంభాల్లో మూడోది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండు నెలలు తిరిగేసరికి ఆ పిల్లను దాటి ఒక్క పక్ కూడా వెళ్ళడం లేదు. కర్ర పక్‌కి తగలకముందే ఆమె అటు జరిగిపోయేది. "చూసిన్రా, ఎటొస్తదో ముందే పసిగడ్తది" అని అందరి ముందూ కాలర్ ఎగరేశాను.

రాష్ట్ర జట్టు ఎంపికలు దగ్గరపడ్డాయి. వాళ్ళమ్మ దుకాణం వదిలి రింక్ దగ్గరికి వచ్చింది. "సార్, వీళ్ళ నాన్న ఒక్కటే అంటుండు. సెలెక్ట్ అయితే ఆడనిస్తడంట. లేకుంటే తొమ్మిదో తరగతి సంది నారాయణగూడల ట్యూషన్, ఇగ ఆట బంద్. మీరేమంటరు?" అంది.

"మీరు పరేషాన్ గాకుండ్రి అమ్మా. అయిపోయినట్టే అనుకోండ్రి" అన్నాను.

ఆ పిల్ల అక్కడే ఉంది. వాళ్ళమ్మ వెళ్ళాక, హెల్మెట్ చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చింది. "సార్, జర వరుస లేకుండ కొట్టిపియ్యుండ్రి. ఎడమ తర్వాత కుడి అని నాకు ముందే ఎర్కైతుంది. అందుకే ఆపుతున్న."

పిల్ల నోరు తెరిచి అడిగింది. ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్తారు? కానీ రెయిలింగ్ నిండా జనం, ఫోన్లు. వరుస తీసేస్తే పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటారు, నా ముచ్చటైన డ్రిల్ కాస్తా సంతలా తయారవుతుంది. "డ్రిల్లంటే వరుసనే. గల్లీల ఆట గాదు ఇది. నువ్వు కోచ్‌వా, నేను కోచ్‌నా?" అని అందరూ వినేలా కసిరాను. ఆమె హెల్మెట్ పెట్టుకుని వెళ్ళి నిలబడింది.

ఎంపికలు ఊరి ఇంకో మూలన జరిగాయి. కొట్టే పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. వాళ్ళకు నా నోట్‌బుక్ ఏం తెలుసు? మొదటివాడు రాగానే మా పిల్ల ఎడమకు దూకింది. పక్ కుడిపక్క నుంచి మెల్లగా దొర్లుకుంటూ లోపలికి పోయింది. తర్వాతివాడికి కుడికి జరిగింది. వాడు ఎడమకు కొట్టాడు. కావాలని చేసిందా? కాదు. రెండు నెలలు రోజూ చేయించిన పని, ఒళ్ళు దానంతటదే చేసేస్తోంది. ఆమె తనను తాను ఆపుకోవాలని చూస్తున్నట్టు నాకు రెయిలింగ్ ఇవతలి నుంచి తెలుస్తూనే ఉంది. పది నిమిషాల్లో ఆమెను బయటికి పిలిచారు.

వాళ్ళమ్మ నా వైపు తిరిగింది. "ఏమైంది సార్? మీ దగ్గర ఒక్కటి గూడ పోనియ్యకపోయేది గద."

తప్పు నాది అని ఒక్క మాట అంటే అయిపోయేది. అది విని వాళ్ళ నాన్న ఇంకో ఏడాది ఆగేవాడేమో. "భయపడ్డదమ్మా. కొత్త జనాన్ని చూసి ధైర్యం పోయింది" అన్నాను.

అప్పటికే ఆ పిల్ల మా దగ్గరికి వచ్చి నిలబడింది. జుట్టు చెమటతో నుదుటికి అతుక్కుపోయి ఉంది. నా ముఖంలోకి చూసింది. అబద్ధమని ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని నాకు తెలుసు. వాళ్ళమ్మ వైపు తిరిగి, "అవునమ్మా, భయమైంది" అంది. సార్ మాట తీసేయడం ఎందుకనుకుందో ఏమో.

మర్నాడు ప్యాడ్లు తుడిచి పంపించారు. ఆమె మళ్ళీ రాలేదు. ఆ వారమే నేను డ్రిల్ మార్చాను. వరుస తీసేసి, ఎవరు కొట్టాలో అప్పటికప్పుడు పేరు పిలిచేవాణ్ణి. ఒకటే గందరగోళం. వీడియోలు తీసేవాళ్ళు మానేశారు. గోల్‌లో నిలబడ్డ కొత్త పిల్లవాడు మొదట్లో అన్నీ వదిలేసి, నెల తిరిగేసరికి కర్రనూ పక్‌నూ చూసి ఆపడం నేర్చుకున్నాడు. నెల చాలు. ఆమె అడిగినరోజే మార్చి ఉంటే సరిపోయేది.

2014లో అనుకుంటాను, చిక్కడపల్లి మార్కెట్‌లో వాళ్ళమ్మ కనిపించింది. చేతిలో కూరగాయల సంచి. అమ్మాయి ఎట్లుందని అడిగాను.

"ఇంటర్ చదువుతుంది సార్. చదువుల మంచిగనే ఉంది. గని దేనికీ ముందటికి రాదు. కాలేజీల ఏదో పోటీకి పేరియ్యమన్నరంట. 'నాకు కొత్తోళ్ళ ముందట భయం, నాతోని గాదు' అని కూసుంది. గప్పుడు మీరు జెప్పిన్రు గద, అదే. మేము ఇంట్ల ఎప్పుడు మీ మాటనే యాది జేసుకుంటం. పిల్లకే ధైర్యం లేకుంటే మీరు మాత్రం ఏం జేస్తరు సార్?"

మూడేళ్ళుగా నోట్లో దాచుకున్న మాట అప్పుడైనా చెప్పొచ్చు. ఎదురుగానే ఉంది ఆమె, బజారులో మమ్మల్ని పట్టించుకునేవాళ్ళు కూడా లేరు.

"చిన్నపిల్ల గదమ్మా, అదే పోతది" అన్నాను.

ఆమె సంచి కింద పెట్టి, నాకు రెండు చేతులా దండం పెట్టి వెళ్ళిపోయింది.