ఏ గడియారాన్ని విప్పాలి?

గడియారాలు బాగుచేసే ఆ పెద్దాయనకు దేవుడి తర్వాత నమ్మకం దుకాణంలోని గోడ గడియారం మీదే. దాన్ని చూసే మిగతా వాటన్నిటికీ టైము దిద్దుతాడు. కోడలు బడిలో సైన్సు చెబుతుంది. భోజనాల దగ్గర మామాకోడళ్లకు రోజూ ఒకటే వాదన. ఆయనకు అది కూరకన్నా రుచి.

"వేగంగా పోయే రైల్లోని గడియారం నెమ్మదిస్తుంది మామయ్యా. అక్కడ కాలమే నెమ్మదిగా నడుస్తుంది," అనేది ఆమె.

"గడియారం నెమ్మదించిందంటే దానికి జబ్బు చేసిందని. కాలానికేం రోగం?" అనేవాడాయన.

అక్కడితో ఆగితే ఏ గొడవా లేకపోయేది. ఒకరోజు ఆమె తన క్లాసు పిల్లలకు దుకాణం చూపించడానికి వస్తే, వాళ్ల ముందే, "మీ టీచరమ్మ మాటలకేం గానీ, ఒక్క నూనె చుక్క వేశానంటే కాలం దానంతటదే సర్దుకుంటుంది," అనేశాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆ పూట నుంచి భోజనాల దగ్గర "ఇంకాస్త వడ్డించనా మామయ్యా" తప్ప మరో మాట లేదు. అయినా పొద్దున్నే ఆయన కళ్లజోడు తుడిచి పెట్టడం మాత్రం ఆమె మానలేదు. తళతళలాడే ఆ అద్దాలను చూస్తేనే ఆయనకు ప్రాణం చివుక్కుమనేది.

"నోరు జారింది మీరు. ఇప్పుడు ముద్ద దిగట్లేదని నా మొహం చూస్తే ఏం లాభం?" అంది భార్య.

ఆ సాయంత్రం ఆయన రెండు చేతి గడియారాలు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. కోడలు కూరగాయలు తరుగుతోంది.

"అమ్మా, ఒక చిక్కొచ్చి పడింది. నువ్వప్పుడు చెప్పావే, ఎదురెదురుగా పోయే రెండు రైళ్లలో ఇద్దరని. వీడి గడియారం నెమ్మదని వాడు, వాడిది నెమ్మదని వీడు. ఇద్దరూ నా దుకాణానికొస్తే నేనేది విప్పాలి?"

కత్తి ఆగింది. "ఏదీ విప్పక్కర్లేదు. రెండూ బాగానే ఉన్నాయి."

"నా గోడ గడియారంతో పోల్చి చూస్తే?"

"అదీ వాటిలాంటిదే మామయ్యా. అన్నిటికీ పెద్ద గడియారమంటూ లేదు. ఎవరెంత వేగంగా పోతూ కొలిచినా వెలుగు వేగం ఒక్కటే మారదు."

ఆయన చేతిలోని రెండు గడియారాలనూ జేబులో వేసుకున్నాడు. "పిల్లల ముందు నేనలా అనకుండా ఉండాల్సింది. రేపు బడికొచ్చి, వాళ్ల ముందే ఈ ప్రశ్న నిన్నడుగుతాను."

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"అదెలా కుదురుతుంది? ఆ పెద్ద గడియారం పైవాడి దగ్గర ఉండే ఉంటుంది. మనకు కనబడదంతే."

ఈసారి ఆమె నవ్వింది. "అలాంటిదేదో ఉందన్న శాస్త్రవేత్తలూ ఉన్నారు మామయ్యా. లెక్క మాత్రం మారదు. కనబడనిదాన్ని పిల్లలకు నేనెలా చూపించను?"

"కనబడనివన్నీ లేనట్టేనా?" అంటూ ఆయన పీట లాక్కున్నాడు.

కూర తరగడం ఎప్పుడు పూర్తయిందో, వాదన ఎప్పుడు భోజనాల దగ్గరికి చేరిందో ఇద్దరికీ తెలియలేదు. చివరికి భార్యే కేకేసింది. "ఎవరి గడియారం ప్రకారం చూసినా అన్నం చల్లారిపోతోంది. ముందు తినండి."