గంట ఆగని కొలత

కొలతల గదిలో ఆయన్ని అందరూ మైక్రాన్ మాస్టారు అనేవాళ్ళు. వెంట్రుక మందంలో డెబ్బయ్యో వంతు తేడా ఉన్నా పట్టేస్తాడని పేరు. ఇంట్లో తలుపు వంకర మాత్రం పదేళ్ళుగా కనబడలేదని భార్య దెప్పేది.

ఎలక్ట్రాన్లనీ పాజిట్రాన్లనీ ఎదురెదురుగా ఢీకొట్టించే యంత్రం ఒకటి రాబోతోంది. ఎప్పుడంటారా? పాతికేళ్ళకో, ముప్పయ్యేళ్ళకో! అందులో చెదిరే కణాల జాడ పట్టే పలకల నమూనాలు మాత్రం ఇప్పటినుంచే మాస్టారు పనిచేసే షెడ్డులో తయారవుతున్నాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని పక్క సెక్షన్ వాళ్ళు వేళాకోళం చేసేవారు.

ఆ పలకలు అతికేది జిగురక్క. ఇరవై రెండేళ్ళుగా అదే పని. జిగురు గట్టిపడే వేడి పెట్టెలోంచి తీసిన పలకని కొలతల గదిలో గంటసేపు చల్లారనివ్వాలి. వేడి మీద అది ఉబ్బి ఉంటుంది, కొలత తప్పొస్తుంది. ఆ నియమం రాసి గోడకి అంటించింది కూడా మాస్టారే.

ఒక శుక్రవారం కొత్త అల్లుడొస్తున్నాడని ఆయన తొందరపడ్డాడు. పది నిమిషాలకే కొలిచేసి, గంట ఆగినట్టు కాగితంలో టిక్కు పెట్టాడు. కొలతలో నలభై మైక్రాన్ల ఉబ్బు తేలింది. అతుకు బాగాలేదని పెద్దాఫీసరు తేల్చేశాడు. మాస్టారి కొలతని మళ్ళీ కొలవమనే మొనగాడెవడు? మీ కొలత తప్పదు కదా అన్నయ్యా, నా చేతులే వణుకుతున్నాయేమో అని జిగురక్క తనే ఒప్పుకుని, స్టోరులో పెట్టెలకి చీటీలంటించే పనికి వెళ్ళిపోయింది. గంట ఆగలేదన్న సంగతి మాస్టారికి తెలుసు. అయినా టిక్కు పెట్టిన కాగితాన్ని ఫైల్లో పెట్టేసి ఇంటికెళ్ళిపోయాడు. ఏం మనిషండీ!

ఆర్నెల్లకి, పక్కన పడేసిన పలకల లెక్క తేల్చేటప్పుడు అదే పలక మళ్ళీ ఆయన బల్లమీదికొచ్చింది. ఈసారి గంట ఆగి, మూడుసార్లు కొలిచాడు. ఎక్కడా ఉబ్బు లేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మూడు రోజులు తేలుకుట్టిన దొంగలా తిరిగాడు. నాలుగోనాడు పెద్దాఫీసరుకి అంతా రాసిచ్చి, స్టోరుకెళ్ళాడు.

"అమ్మాయ్, ఆ పలక బాగానే ఉంది. చల్లారకముందే కొలిచాను. ఆగానని అబద్ధం రాశాను. నీ చేతులకేం కాలేదు."

తిడుతుందనుకున్నాడు. తిడితే బావుండుననీ అనుకున్నాడు. ఆమె చేతిలోని చీటీ పక్కన పెట్టి, రెండు చేతులూ చాచి చూసుకుంది. అవి కొంచెం కూడా వణకలేదు.

"మనవరాలు పుట్టి నాలుగు నెలలైంది అన్నయ్యా," అంది. "పడేస్తానేమోనని ఇంతవరకూ ఎత్తుకోలేదు."