మిద్దె కింద బడి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని విప్పి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ ముచ్చట మా బాపే తీర్చుకున్నాడు. 1952 ఎండాకాలం అది. నాంపల్లి స్టేషను వెనక సందులో మా ఇల్లు. తాత కట్టించిన మిద్దె ఏటా కారుతోంది, వాన పడితే గిన్నెలు పరుచుకుని కూర్చునేవాళ్లం. ఈసారి మృగశిర రాకముందే పాత కప్పు తీయించి కొత్తది వేయిస్తానన్నాడు బాపు. సర్కారీ దఫ్తరులో గుమాస్తా ఆయన. అక్కడ ఎవరూ ఆయన మాట వినరు కాబట్టి ఇంట్లో అందరం వినాల్సిందే.

ఇల్లు ఆయనదే, విప్పుకుంటే విప్పుకున్నాడు. కానీ ఆ ఇంట్లో ఒక బడి ఉంది. ఆ బడి మా మేనత్తది.

మేనత్త పేరు సౌభాగ్య. ఆ పేరు పెట్టినవాళ్లు బాగానే తలచారు. పదిహేనేళ్లకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. అప్పట్నుంచి ఆమె చోటు వెనక వసారాలో ఒక మూల. దీపానికి వత్తులు చేయాలి, బియ్యంలో రాళ్లు ఏరాలి, ఇంటికి చుట్టాలొస్తే లోపలికి తప్పుకోవాలి. శుభమా అని ఎవరైనా బయలుదేరుతుంటే ఎదురు రాకూడదు. ఇంతచేసీ ఆ ఇంట్లో అందరికంటే తెలివిగలది ఆమే. మా తాత ఆమెను చిన్నప్పుడు కూర్చోబెట్టి తెలుగు, ఉర్దూ, లెక్కలు నేర్పాడట. ఎందుకు నేర్పాడో ఆయనకూ తెలియదు, నేర్చుకున్నదాంతో ఏం చేసుకోవాలో ఆమెకూ తెలియదు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

1948లో నిజాం రాజ్యం పోయే గడబిడ రోజుల్లో బళ్లు మూతపడ్డాయి. మళ్లీ తెరిచేసరికి ఉర్దూలో చెప్పే చదువు తెలుగులోకి మారుతోంది. ఏ పుస్తకం ఉంటుందో, ఏది పోతుందో పంతుళ్లకే తెలియదు. అంతా సద్దుమణగనీ అని బాపు నన్నూ, తమ్ముడు వెంకటేశాన్నీ ఇంట్లోనే ఉంచేశాడు. నాకు ఏడేళ్లు, వాడికి ఐదు. రోజంతా ఒకరి జుట్టు ఒకరం పట్టుకునేవాళ్లం. మా అమ్మ తల బాదుకుంటుంటే మేనత్త వచ్చి ఇద్దరినీ ముందు గదిలో చాప మీద కూర్చోబెట్టి, చేతికి పలకలిచ్చింది. అదీ మా బడి మొదలు.

ఊళ్లో అంతా సద్దుమణిగినా మా బడి మాత్రం ఆగలేదు. పొద్దున్నే స్నానం చేసి ముందు గదిలోకి రావాలి. మధ్యాహ్నం తిని మళ్లీ రావాలి. సర్కారు సెలవును శుక్రవారం నుంచి ఆదివారానికి మార్చినా మా బడికి శుక్రవారమే సెలవు. ఎందుకత్తమ్మా అంటే, మా నాయిన నాకు చదువు చెప్పినప్పుడు శుక్రవారమే సెలవు అనేది. ఆ నాలుగేళ్లూ ఆమె వెనక వసారాలో కూర్చోలేదు. చుట్టాలొస్తే బాపే, లోపల బడి నడుస్తున్నది అని చెప్పి వాళ్లను నడిమింట్లోకి తీసుకుపోయేవాడు. ఆమె మాట పెరిగింది, నడక మారింది. నవ్వడం కూడా అప్పుడే చూశాను.

మిద్దె పని మొదలుపెట్టేముందు ఒకరోజు అన్నం తింటూ బాపు తన ఆలోచన చెప్పాడు. పని కాగానే ముందు గది బైఠకు గది అవుతుంది. సుల్తాన్ బజార్‌లో కుర్చీలు చూసి వచ్చాడు. నలుగురు పెద్దమనుషులు వస్తే కూర్చోవడానికి చోటు ఉండొద్దా అన్నాడు. జూన్‌లో పిల్లలు అబిడ్స్‌లోని బడికి పోతారు. అక్కడ పరీక్ష పెట్టి, వచ్చినదాన్ని బట్టి తరగతిలో చేర్చుకుంటారు. మేనత్త వడ్డిస్తున్నదల్లా ఆగింది. మేము పరీక్షలో నెగ్గితే ఆమె బడి అయిపోతుంది. తప్పితే ఆమె చదువు ఉత్తదని తేలిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటు పడ్డా చివరికి వెనక వసారా మూలే.

నేను ఊరుకునే పిల్లనా? పరీక్ష తప్పుతాను, ఇక్కడే ఉంటాను అన్నాను. ఆమె నా చెవి పట్టుకుంది. ఎప్పుడూ పట్టుకోని మనిషి.

"తప్పితే నీ మొకం నేను చూడ. నా సంగతి నేను చూసుకుంట, నువ్వు ఎక్కాలు చెప్పు."

మర్నాటి నుంచి మా బడికి చోటు లేకుండా పోయింది. నడిమిల్లు విప్పితే వంటింట్లో కూర్చున్నాం. అమ్మ పోపు వేస్తే తుమ్ములు, తుమ్ములకు తెలుగు పద్యం కొట్టుకుపోయేది. తర్వాత పెరట్లోకి మారాం, అక్కడ ఇటుకలు దించారు. బావి దగ్గరికి పోతే అక్కడ సున్నం తడుపుతున్నారు. పలక మీద రాసింది దుమ్ములో కనబడేది కాదు. చివరికి ముందు గది ఒక్కటే మిగిలింది. దాని మీదే అప్పుడు గచ్చు కొట్టడం మొదలైంది.

గచ్చు మిద్దె అంటే ఇప్పటివాళ్లకు చెబితే గాని తెలియదు. దూలాల మీద ఇటుక పరిచి, దాని మీద ఇటుక ముక్కలూ గానుగలో నూరిన డంగు సున్నమూ కలిపి మందంగా పోస్తారు. ఆడవాళ్లు వరసగా కూర్చుని కొయ్య చెక్కలతో కొట్టుకుంటూ పోతారు. బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ చల్లుతూ రోజుల తరబడి కొట్టాలి. కొట్టే కొద్దీ అది గట్టిపడుతుంది. మా ఇంటికి వచ్చిన ఆడవాళ్లకు పెద్ద జంగమ్మ. ఊళ్లో కరువు వస్తే పట్నం చేరిన మనిషి, పెద్ద గొంతు. ఆమె ఒక మాట పాడితే మిగతావాళ్లు చెక్క దెబ్బతో జవాబు చెప్పేవాళ్లు. కింద మేము కూర్చుంటే మేనత్త పెదవులు కదలడమే కనబడేది, మాట వినబడేది కాదు. ఆమె గొంతు సన్నం. అరిచి అరిచి రెండో రోజుకు అదీ పోయింది.

ఆమె నిచ్చెన ఎక్కి పైకి పోయింది. జర పొద్దుగూకేదాకా ఆపుతారా అని అడిగింది. జంగమ్మ చెయ్యి ఆపకుండానే జవాబు చెప్పింది.

"ఆపితే సున్నం ఆరుతదమ్మా. ఆరితే పగులుతది, మల్ల వానకు కారుతది. మీ సదువే జర మా సప్పుడుకు సర్దుకోవాలె."

మేనత్త దిగి వచ్చి కాసేపు కప్పు వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత నేల మీద అరచేత్తో ఒక దెబ్బ వేసింది, పై దెబ్బకు సరిగ్గా కలిపి. పదమూడొకట్ల పదమూడు. మళ్లీ దెబ్బ. పదమూడ్రెండ్ల ఇరవైయారు. మేమూ అందుకున్నాం. ఎక్కాలు అయిపోయాక నదులు, నదుల తర్వాత జిల్లాలు, వ్యాకరణం, పద్యాలు, అన్నీ ఆ దెబ్బ మీదనే చెప్పుకున్నాం. నాకు జన్మలో రాదనుకున్న పదిహేడో ఎక్కం రెండు పూటల్లో వచ్చేసింది. వెంకటేశమైతే అన్నం తింటూ కూడా కంచం మీద కొట్టి లెక్క చెప్పేవాడు. ఒక సాయంత్రం బాపు దఫ్తరు నుంచి వచ్చేసరికి సందులో జనం తలలెత్తి నిలబడ్డారు. పైన ఆడవాళ్లు పాట మానేసి పదిహేడో ఎక్కం పాడుతున్నారు. మా గొంతులు కింద, వాళ్ల గొంతులు పైన. బాపు ముఖం చూడాలి, కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియక గొడుగు మూసి లోపలికి వచ్చేశాడు. మేనత్త మాత్రం ఆ రోజు వెలిగిపోయింది. మనవాళ్లు పరీక్షలో మొదట వస్తారు చూడన్నా అంది.

పరీక్ష రోజు బాపే తీసుకుపోయాడు. పెద్ద హాలు, బల్లలు, కాగితాలు. టీచరు గడియారం చూసి, ఇక నోరు విప్పొద్దు అంది. ఎవరూ నోరు విప్పలేదు. అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో నాకు పదమూడో ఎక్కం కూడా రాలేదు. కాగితం మీద ప్రశ్న తెలుసు, జవాబు తెలుసు, అది లోపలెక్కడో ఇరుక్కుని బయటికి రానంటోంది. బడి ముఖం చూడని మనిషి మా మేనత్త. పరీక్ష ఇలా చప్పుడు లేకుండా రాస్తారని ఆమెకు తెలియదు. ఆమెకు తెలియనిది మాకెట్లా తెలుస్తుంది?

అవతలి వరసలో వెంకటేశం బల్ల మీద వేళ్లతో కొట్టడం మొదలుపెట్టాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. నేనూ కొట్టాను. జవాబులు గలగలా వస్తున్నాయి, నోరు దానంతట అదే ఆడుతోంది. హాలంతా పిల్లలు నవ్వారు. రెండోసారి చెప్పినా మేము ఆపకపోయేసరికి టీచరు మమ్మల్ని రెక్క పట్టుకుని బయట నిలబెట్టింది. చదువు సంగతి తర్వాత, ముందు పిల్లలకు కూర్చోవడం నేర్పండి అని బాపుతో చెప్పింది.

బాపు ఇంటికి వచ్చి గుమ్మంలోనే అన్నాడు.

"నలుగుట్ల నా తల తీసినట్టయింది సౌభాగ్యా. ఇంట్ల సదువంటే గింతే. ఇగ చాలు, పలకలు తీసి లోపల పెట్టు."

ఆమె పలకలు తీసి లోపల పెట్టింది. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్వలేదు. బాపు మీద కోపం, ఆ టీచరు మీద కోపం, అందరికంటే ఎక్కువ మేనత్త మీద కోపం. ఒక్కమాట తిరిగి అనొచ్చు కదా. పోయి వత్తుల పత్తి ముందు వేసుకుని కూర్చుంది.

మర్నాడు బాపు దఫ్తరుకు పోగానే ఆమె ఉతికిన చీర కట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని మా ఇద్దరి చేతులు పట్టుకుంది. ఎక్కడికంటే చెప్పలేదు. గుడికి తప్ప గడప దాటని మనిషి నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా నడిచింది. బండి వస్తే ఆగేది, మనిషి ఎదురొస్తే గోడ వైపు తప్పుకునేది, మళ్లీ నడిచేది. వెనక్కి పోదామా అన్నాను. నడువు అంది.

ఆ బడి పెద్ద పంతులమ్మ ఒక్కతే తన గదిలో ఉంది. కళ్లద్దాల పైనుంచి చూసి, ఎవరు మీరు అంది. మేనత్త కూర్చోలేదు.

"నేనే వీళ్లకు సదువు చెప్పిన, అమ్మగారూ. ఇంటి మీద గచ్చు కొడుతుండ్రు. గా సప్పుడుల చెప్పిన, గా సప్పుడుల నేర్చుకున్నరు. పరీక్షల నోరు మూసుకోవాలె అని నాకు ఎర్క లేదు. తప్పు నాది, పిల్లలది గాదు. మీ బల్ల మీద జర కొట్టనిచ్చి నోటితోని అడుగుండ్రి. రాకుంటే వాపస్ పోతం."

పంతులమ్మ బల్ల మీది కాగితాలు పక్కకు జరిపి, కొట్టండి అంది. మేము కొట్టాం. ఆమె అడిగింది, మేము చెప్పాం. ఎక్కాలు, నదులు, సమాసాలు. వెంకటేశం అడగని పద్యం కూడా చెప్పేశాడు. మధ్యలో నేను చూసేసరికి పంతులమ్మ వేలు కూడా బల్ల మీద ఆడుతోంది. ఇప్పుడు అవే వరండాలో కూర్చుని రాసి తెమ్మంది. చేతితో మోకాలి మీద కొట్టుకోవచ్చు, చప్పుడు రావద్దు అంది. రాసి తెచ్చాం. నన్ను ఆరులో, వాణ్ని నాలుగులో చేర్చుకుంటానంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. పంతులమ్మ మేనత్తను కూర్చోమని, మీరేం పాసయ్యారు అని అడిగింది. ఏమీ పాస్ కాలేదంది. బడి మెట్టు ఎక్కడం ఇదే మొదలంది. పంతులమ్మ కళ్లద్దాలు తీసి పెట్టింది. ఒకటో తరగతికి మనిషి కావాలి, మీ వంటి మనిషే కావాలి, కానీ మెట్రిక్ లేకుండా తీసుకోలేను అంది. ఇంట్లోనే చదివి రాయొచ్చట. ఇంగ్లీషు మాత్రం తప్పదట. మేనత్తకు ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు. వచ్చేటప్పుడు ఆమె గోడ వైపు తప్పుకోలేదు. ఏదో లోకంలో ఉండి నడిరోడ్డున నడుస్తుంటే సైకిలు మనిషి తిట్టిపోయాడు.

మాకు సీటు వచ్చిందని విని బాపు సంతోషించాడు. ఆమె ఒంటరిగా పోయిందని విని గొంతు పెంచాడు. రెండూ ఒకేసారి చేయడం ఆయనకే చెల్లు. మెట్రిక్ మాట ఎత్తితే, ముప్పై దాటినంక గిప్పుడా అన్నాడు. వానలొచ్చాయి, మిద్దె ఒక్క చుక్క కారలేదు. ముందు గదికి తెల్ల సున్నం కొట్టారు, కుర్చీలు దిగాయి. మేము బడికి పోయాం.

మొదటి రోజు సాయంత్రం పరుగెత్తుకొచ్చేసరికి ఆమె వెనక వసారాలో, ఆ మూలే ఉంది. దగ్గరికి పోతే ఆమె ఒడిలో వత్తులు లేవు, నా పాత పలక ఉంది. తను చాప మీద కూర్చుని, పీట నా వైపు జరిపింది.

"ఇయ్యాల ఇంగ్లీషుల ఏం చెప్పిన్రో చెప్పు పిల్లా. నీకు వచ్చినట్టు గాదు, నాకు రానట్టు చెప్పు."

నాకొచ్చినవి నాలుగు అక్షరాలు. ఆ నాలుగూ చెప్పాను. ఆమె రాసింది, వంకరగా వచ్చింది, తుడిచి మళ్లీ రాసింది. నేను మహా కోపిష్టి పంతులమ్మను. అట్ల గాదు అని చెయ్యి పట్టుకుని దిద్దాను. ఆ మర్నాడు ఇంకో నాలుగు. బాపు రోజూ ఆ వైపు చూసీ చూడనట్టు పోయేవాడు. వసారాలో పొద్దు ముందే వాలేది, ఆమె పలకను కళ్ల దగ్గరికి పెట్టుకునేది.

ఒక సాయంత్రం బాపు దఫ్తరు పెద్దమనుషులు ఇద్దరు మొదటిసారి ఇంటికి వచ్చారు. వాళ్ల కోసమే కదా ఆ గది, ఆ కుర్చీలు. బాపు వాళ్లను గుమ్మం దగ్గర ఆపి లోపలికి వచ్చాడు. నేను పుస్తకాలు తీసేయబోయాను. ఆయన ముందు గదిలో దీపం పెట్టించి, గీడ చీకటి, గాడ కూసోండ్రి అని నన్నూ మేనత్తనూ పంపించాడు. తర్వాత రెండు కుర్చీలు తనే ఎత్తి బయట అరుగు మీద వేశాడు. మేనత్త పలక పట్టుకుని ఆ గది మధ్యలో నిలబడిపోయింది. బయట బాపు గొంతు వినబడుతోంది.

"ఏమనుకోకుండ్రి, గీడనే కూసుందాం. లోపల మా చెల్లె మెట్రిక్‌కు సదువుకుంటున్నది."