క్లిప్పు లేని పెట్రోలు పైపు

దేవాది దేవునికి స్తోత్రం! ఆయన కృప లేకపోతే నేను ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు.

మా మామగారి పాత అంబాసిడర్ ఎండకు ఆగిపోయేది. ఇంజనుకు పెట్రోలు అందించే పంపు మీద తడిగుడ్డ వేస్తేగానీ మళ్లీ కదిలేది కాదు. అందుకే పోయిన వేసవిలో శంషాబాద్‌లో ఒక మెకానిక్ దగ్గర, బ్యాటరీతో నడిచే పంపు పెట్టించాం.

ఆ తర్వాతి ఆదివారమే ఆరాధనకు వెళ్తుంటే ఆరాంఘర్ దగ్గర ఇంజను ఆగింది. పంపు మాత్రం టిక్ టిక్‌మంటూనే ఉంది. మావారు దిగి బానెట్ ఎత్తేసరికి, ఊడిన పైపులోంచి పెట్రోలు వేడి ఇంజను మీదికి చిమ్ముతోంది. వెనక సీట్లో నడవలేని అత్తమ్మ! "యేసయ్యా!" అని అరుస్తూ ముందు సీట్లోంచే చెయ్యి చాచి తాళం తిప్పేశాను. పంపు ఆగింది.

చూస్తే పైపుకు క్లిప్పే లేదు. ఆ మెకానిక్ ఉత్త తీగ చుట్టాడు!

నిలదీస్తే మెకానిక్ నవ్వాడు. "ఏం కాలే గదక్కా! మీ దేవుడే కాపాడిండు. ఇగ లొల్లెందుకు?"

"దేవుడు ఆయన పని చేసిండు. నీ పని నువ్వెందుకు చెయ్యలే?" అన్నాను.

పొద్దుగూకేలోపు కోపం విడిచిపెట్టాలని సండే స్కూల్లో పిల్లలకు నేనే చెబుతాను. ఎన్ని పొద్దులు గూకినా నా కోపం చల్లారలేదు. అతడు ఇంకో బండి ముట్టుకునేలోపు అతడికి దైవభయం, ఆ తర్వాత నాకు క్షమించే మనసు కలగాలని నాతో కలిసి ప్రార్థించండి. ఆమేన్.